లడ్డు తిన్నా బలం రాని భీముడు

టెలివిజన్లో పిల్లల మనసు దోచుకున్న బొమ్మల కథ ఏదైనా సరే, కొన్నాళ్లకు దాని పేరుతో ఒక వీడియో గేమ్ బయలుదేరుతుంది. పిల్లవాడు దానికోసం ఇల్లు పీకి పందిరి వేస్తాడు. తీరా చేతికి వచ్చాక వారం తిరక్కుండా దాన్ని మూలన పడేసి వీధిలోకి క్రికెట్టుకు పోతాడు. పెద్దవాళ్లం ‘ఈ కాలపు పిల్లలకు దేనిమీదా నిలకడ లేదు’ అని ఒక మాట అనేసి ఊరుకుంటాం. పిల్లల నిలకడకు ఏ లోపమూ లేదనీ, ఆ ఆటల్లో నిలబడటానికి కాస్త చోటు కూడా లేదనీ నాకు చాలా రోజులుగా అనుమానం.

తెలుగు పంతులుకు వీడియో గేములతో ఏం పని అని మీరు అడగవచ్చు. మా ఆవిడ రోజూ అడుగుతూనే ఉంది. కాని నేను కాలేజీలో ఏటేటా భీముడిచేత కీచకుణ్ణి చంపించి జీతం తీసుకునేవాణ్ణి. ఆయన ఎక్కడ ఏ వేషంలో కనబడినా ఆగి క్షేమం కనుక్కోవడం నా విధి.

ఇప్పటి పిల్లల భీముడు మన హైదరాబాదువాడే. రాజీవ్ చిలకగారు 2001లో అక్కడ గ్రీన్ గోల్డ్ యానిమేషన్ అనే సంస్థ పెట్టారు. వారి ‘ఛోటా భీమ్’ 2008లో పోగో ఛానల్లో మొదలైంది. ధోలక్‌పూర్ అనే ఊరు, ఇంద్రవర్మ అనే రాజు, చుట్కీ అనే చురుకైన పిల్ల, రాజు అనే బుడతడు, జగ్గు అనే మాట్లాడే కోతి. ప్రతిసారీ పోటీకి వచ్చి ప్రతిసారీ ఓడిపోయే కాలియా, వాడి వెనకాల ఢోలూ భోలూ అనే కవలలు. నడుమ ధోవతి కట్టుకున్న తొమ్మిదేళ్ల భీముడు. కష్టం ముంచుకొస్తుంది, లడ్డు తింటాడు, బలం వస్తుంది, తంతాడు. ఇంతే కథ. అయితేనేం, వేషం కొత్తదైనా స్వభావం పాతదే. ఏకచక్రపురంలో బకాసురుడికి పంపిన బండెడు అన్నాన్ని ఆ రాక్షసుడు చూస్తుండగానే తాను తిని, ఆ తరువాత యుద్ధానికి లేచినవాడు కదా ఆయన! భీముడికి భోజనం యుద్ధానికి పూర్వరంగం. ఆ కిటుకు వీళ్లు పట్టుకున్నారు. అందుకే ఆ పిల్లభీముడు 2012లో వెండితెర ఎక్కాడు, 2019లో ఇంకా చిన్నవాడై, పాకే పసివాడై, మాటలే లేకుండా నెట్‌ఫ్లిక్స్ ద్వారా దేశాంతరాలు కూడా పోయాడు.

మా గోరంట్లలో కూడా ఆయనకు భక్తులు తక్కువేమీ కాదు. మాధవరాయస్వామి గుడి దగ్గర సాయంకాలం పిల్లలు ఆడుకుంటుంటే వినాలి. ఎవడు భీముడు కావాలి, ఎవడు కాలియా కావాలి అనే తగవు తీరేసరికే పొద్దు గుంకుతుంది. లడ్డు లేకపోతే బెల్లంముక్క, అదీ లేకపోతే ఉత్త పిడికిలి నోటి దగ్గర పెట్టుకుని నమిలినట్టు నటించడం. అప్పుడా కండలు చూపించే తీరు చూస్తే నిజంగానే ఏదో బలం వచ్చిందనిపిస్తుంది.

మా అక్క కొడుకు ఆ గుంపులో ఒకడు. వాడికీ తొమ్మిదేళ్లే. మా బావ కువైట్‌లో లారీ నడుపుతాడు. పెనుకొండ పక్కన కార్ల ఫ్యాక్టరీ వచ్చినా అప్పటికే ఆయన పాస్‌పోర్టు తీసుకుని విమానం ఎక్కేశాడు. అక్కా, పిల్లవాడూ మా ఇంట్లోనే ఉంటారు. రెండేళ్లకొకసారి బావ సెలవుమీద వచ్చినప్పుడు తండ్రీకొడుకులు పక్కపక్కన చాపమీద పడుకుని ఛోటా భీమ్ చూసేవారు. ఇద్దరికీ ఉమ్మడి ఆస్తి అంటూ ఉన్నది అదొక్కటే. ఫోనులో తిన్నావా, చదివావా అన్న రెండు ప్రశ్నలూ అయిపోయాక మిగిలిన సంభాషణ అంతా ధోలక్‌పూర్ గురించే.

కిందటి ఏడు బావ ఆ ఊరినుంచి సెలవుమీద వచ్చే స్నేహితుడి చేతికిచ్చి ఒక టాబ్లెట్ పంపించాడు. పలక అంత ఉంది. దానిలో భీముడి ఆటలు తానే వేయించి పంపాడు. భీముడి పేరుతో ఇలాంటి ఆటలు ఎన్నో ఉన్నాయి. హక్కుదారుల అనుమతితో చేసినవీ ఉన్నాయి, ముఖం మాత్రం అరువు తెచ్చుకున్నవీ ఉన్నాయి. మావాడికి దక్కినవి ఫలానావారివని చెప్పను. ఒకరిని బోనులో నిలబెట్టడం నా ఉద్దేశం కాదు.

మొదటిరోజు వీధి పిల్లలంతా మా వసారాలో ఉన్నారు. రెండోరోజు సగం మంది. మూడోరోజు మావాడొక్కడే కూర్చుని ఆడుతూ, తల ఎత్తకుండానే నాతో అన్నాడు:

“మామా, వీడు లడ్డూలు తింటానే ఉండాడు గానీ వీనికి బలం రాలేదు. లెక్క మాత్రం పెరుగుతాంది.”

నేను పుస్తకం మూసి వాడి పక్కన చేరి చూశాను. నిజమే. భీముడు పరుగెత్తుతున్నాడు. ఎందుకు పరుగెత్తుతున్నాడో తెలియదు. దారిలో లడ్డూలు వరసగా వేలాడుతున్నాయి. తగిలితే ‘టింగ్’ మని మాయమవుతాయి, పైన మూలలో అంకె ఒకటి పెరుగుతుంది. మొద్దు అడ్డం వస్తే ఎగరాలి, కొమ్మ అడ్డం వస్తే వంగాలి. ఎక్కడో ఒకచోట కొట్టుకుని పడిపోతాడు. పడిపోగానే ఎవరో ఒకావిడ ప్రత్యక్షమై సబ్బు కొనమంటుంది. ఆవిడ పోయాక మళ్లీ మొదటినుంచి పరుగు. చుట్కీ లేదు, కాలియా లేడు, రాజుగారి మొర లేదు. ఆ ముఖం తీసేసి మా కాలేజీ అటెండరు ముఖం పెట్టినా ఆటకు వచ్చే లోటేమీ లేదు.

ఇదెందుకు ఇలా జరుగుతుందని కొన్నాళ్లు నాకు తోచినంత విచారించాను. ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. 2011లో టెంపుల్ రన్ అనీ, 2012లో సబ్‌వే సర్ఫర్స్ అనీ రెండు పరుగు ఆటలు వచ్చి ప్రపంచమంతా ఆడాయి. పరుగు ఆట తయారు చెయ్యడం మిగతావాటికంటే సులభం. దారి తనంతట తానే అల్లుకుంటూ పోతుంది, కథ రాసేవాడితో పనిలేదు, ఆడేవాడికి ఒక వేలు చాలు. ఒకసారి ఆ యంత్రాంగం చేతిలో ఉంటే దానికి ఈ నెల ఒక ముఖం, వచ్చే నెల ఇంకొక ముఖం తగిలించవచ్చు. హక్కుదారుకు పేరు అరువిచ్చినందుకు సొమ్ము, తయారుచేసినవాడికి ప్రచార ఖర్చు లేకుండానే గిరాకీ. ఆట ఉచితం, రాబడి ప్రకటనల మీద. ప్రకటన రావాలంటే ఆట మధ్యమధ్యలో ఆగాలి. ఆగాలంటే వీరుడు తరచుగా పడాలి. అనగా, భీముడు ఎన్నిసార్లు పడితే అంత లాభం! మహాభారతంలో దుర్యోధనుడికి కూడా ఈ ఉపాయం తోచలేదు.

ఇది ఒక్క మన దేశపు జాడ్యమూ కాదు, ఈనాటిదీ కాదు. 1982లో అమెరికాలో ఈ.టీ. అనే సినిమా పేరుతో అటారీ కంపెనీవారు ఒక ఆట చేయించారు. క్రిస్మస్ బజారుకు అందాలని చేసేవాడికి ఇచ్చిన గడువు సుమారు అయిదు వారాలు. అమ్ముడుపోక మిగిలిన సరుకును 1983లో న్యూ మెక్సికోలో ఆలమొగోర్డో ఊరి చెత్తగుంటలో పూడ్చారు. 2014లో కొందరు ఉత్సాహవంతులు తవ్వి చూస్తే నిజంగానే బయటపడ్డాయి. హంపీలో శిల్పాలు తవ్వి తీసినంత సంబరంగా తీశారట!

అది సినిమా మాట. టెలివిజన్ బొమ్మల సంగతికి వస్తే సూపర్‌మాన్ గతి ఇంకా దయనీయం. 1996లో మొదలైన ఆయన బొమ్మల ధారావాహిక పేరున్నది. దాని ఆధారంగా టైటస్ అనే ఫ్రెంచి సంస్థ 1999లో నింటెండో 64 కోసం ఆట చేసింది. ఆకాశంలో ఎగిరే మొనగాడు దొరికితే ఆయనచేత ఏం చేయించారయ్యా అంటే, గాలిలో వేలాడే వలయాల మధ్యనుంచి ఒకదాని తరువాత ఒకటిగా దూరించారు. సర్కస్ పులికి కూడా ఒకటి రెండు వలయాలతో సరిపెడతారు. మనుషులను సూపర్‌మాన్ కొట్టకూడదని హక్కులిచ్చినవారు పట్టుబట్టారనీ, అందుచేత కథ అంతా ఒక మాయానగరంలోకి మార్చామనీ చేసినవారు తరువాత చెప్పుకున్నారు. ఆ యంత్రానికి దూరపు మేడలు చూపించే శక్తి చాలక ఊరంతా పొగ కమ్మి ఉంటుంది. ఇది శత్రువు వదిలిన క్రిప్టోనైట్ పొగ అని దానికి కథలో ఒక సమర్థన! యతి కుదరక ఒక వ్యర్థపదం వేసి, అందులో గొప్ప ధ్వని ఉందని వాదించే కవులను నేను ఎరుగుదును. వాళ్లకు సముద్రాల అవతల కూడా చుట్టాలున్నారని అప్పుడే తెలిసింది.

మనవాళ్లు ప్రయత్నించలేదనీ అనరాదు. 2009లో హైదరాబాదులో అరోనా అనే సంస్థ ‘హనుమాన్: బాయ్ వారియర్’ అని ప్లేస్టేషన్ 2 కోసం ఒక ఆట చేసింది. టీవీకి తగిలించే ఆటపెట్టెల కోసం పూర్తిగా మన దేశంలోనే తయారైన మొదటి ఆటగా దానికి పేరు. ఆడిచూసినవాళ్లు పెదవి విరిచారు. విదేశాల్లో ఉన్న హిందువులు కొందరు దేవుణ్ణి మీటలు నొక్కి ఆడించడమేమిటని అభ్యంతరం కూడా చెప్పారు. ఈ రెండో మాట మాత్రం నేను ఒప్పుకోను. మా జిల్లాలో తరతరాలుగా హనుమంతుణ్ణి పుల్లలు పట్టుకుని ఆడిస్తున్నారు. స్వామి ఎప్పుడూ నొచ్చుకున్న దాఖలా లేదు. ఆడించడం అపచారం కాదు. లంకకు దూకగల వాణ్ణి చేతికిచ్చి, ఆ దూకుడు వేళ్లకు తెలియకపోవడమే విచారం.

అలాగని టెలివిజన్ బొమ్మలకూ ఆటలకూ పుట్టుకతో వైరమేమీ లేదు. నాకు పన్నెండు పదమూడేళ్లప్పుడు, ఆదివారం దూరదర్శన్లో డక్‌టేల్స్ వచ్చేది. స్క్రూజ్ మెక్‌డక్ అని ఒక బాతు. కోటీశ్వరుడు, పరమ లోభి, డబ్బుల కొట్టులో ఈతకొట్టేవాడు. అంతా హిందీలో మాట్లాడేవారు. మాకు హిందీ అంతంతమాత్రం. లోభితనానికి భాష అక్కరలేదు కనుక ఇబ్బంది ఉండేది కాదు. సెలవుల్లో హిందూపురం మేనత్త ఇంటికి పోతే, బజారులో గంటకు అయిదు రూపాయలు తీసుకుని టీవీ గేము ఆడనిచ్చే కొట్టు ఒకటి ఉండేది. అక్కడ నా కంటబడింది ఆ బాతు ఆట. జపానులో క్యాప్‌కామ్ వారు 1989లో చేసినది. ముసలి బాతు తన చేతికర్రను కిందికి పొడిచి, దానిమీదెక్కి గెంతుతాడు. ఆ గెంతుతోనే శత్రువును కొడతాడు, ముళ్లు దాటుతాడు, ఎత్తులెక్కుతాడు. పెట్టెలు పగలగొట్టి రత్నాలు ఏరుకుంటాడు. పైన డాలర్లు పెరుగుతూ పోతాయి. అయిదు రూపాయలూ అయిపోయేదాకా నాకు లోకం తెలిసేది కాదు. మా అత్త కొడుకు చెవి పట్టుకుని లాక్కుపోయేవాడు. ఆ ఆటకు ఇరవై నాలుగేళ్ల తరువాత, 2013లో, మళ్లీ కొత్త రంగులు వేసి అచ్చొత్తారంటే దానిలో ఏదో ఉన్నట్టే కదా.

ఏముందో ఆనాడు తెలియలేదు. మావాడి మాట విన్నాక తెలిసింది. ఆ ఆటలో కూడా లెక్కే పెరుగుతుంది. కాని ఆ ముసలివాడి బలమే లెక్క! దమ్మిడీ పెరిగితే ప్రాణం లేచొచ్చే మనిషి. అంకె పెరిగినప్పుడల్లా అతనితోపాటు మనమూ పులకిస్తాం. లోభికి లెక్క అలంకారం. భీముడికి లెక్క అవమానం. తిన్నది ఒంటికి పట్టాలి ఆయనకు. దానిని అంకెలుగా మూట కట్టి పైన మూలన వేలాడదీస్తే, ఆయన భీముడెట్లా అవుతాడు? లడ్డు తిన్నప్పుడు బండరాయి లేవాలి, కాలియా పరుగు తీయాలి, పిల్లవాడి వేళ్లలో ఆ తేడా తెలియాలి. గుడి దగ్గర బెల్లంముక్క నమిలే పిల్లలకు తెలిసిన ఈ సంగతి లక్షలు పోసి ఆటలు చేసేవారికి తెలియక కాదు. తెలియనట్టు ఉంటే చవక.

సరే, దీపావళికి ముందు ఇంట్లోవాళ్లకు చీరలు తీసుకురావడానికి ధర్మవరం పోతూ మావాణ్ణి కూడా వెంటబెట్టుకుపోయాను. ధర్మవరం మండలంలోనే నిమ్మలకుంట ఉంది. తోలుబొమ్మల ఊరు. అక్కడి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఒక ఇంటిముందు అరుగుమీద కూర్చుని మేకతోలుమీద సన్నని ఉలితో చిల్లులు వేస్తున్న ఒకాయన మమ్మల్ని లోపలికి రమ్మన్నాడు. లోపల ఎటు చూసినా దీపపు గుమ్మటాలే. తోలుమీద రాముడు, సీత, గద పట్టిన భీముడు, చుట్టూ తీగలు, పువ్వులు, లోపల బల్బు. పట్నాలకు పోతాయట, విదేశాలకు కూడా పోతాయట. ఎంత అందంగా ఉన్నాయో చెప్పలేను.

మావాడు భీముడి గుమ్మటం ముందు నిలబడి, “ఈయన ఏం చేస్తాడు?” అని అడిగాడు.

“వెలుగుతాడప్పా,” అన్నాడు ఆయన.

“అంతేనా?”

ఆయన నవ్వి, లోపలికి పోయి ఒక పాత బొమ్మ తీసుకొచ్చాడు. మావాడికంటే పొడుగుంది. భుజాల దగ్గర, మోచేతుల దగ్గర కీళ్లు. కిటికీ మూసి, తెల్లబట్ట ఒకటి అడ్డంగా కట్టి, వెనకాల బల్బు వెలిగించి, బొమ్మను తెరకు ఆనించాడు. కంఠం సవరించుకుని ఒక్క హుంకారం. భీముడి చెయ్యి లేచింది. రెండు నిమిషాలు కూడా ఆడించలేదు. మావాడు నా చొక్కా పట్టుకుని నిలబడిపోయాడు. ఆ చెయ్యి లేచినప్పుడు బరువుతో లేచింది. ఏదో మోస్తున్నట్టు లేచింది. తోలు ఒకటే, రంగు ఒకటే, దీపమూ ఒకటే. ఒకటి గుమ్మటం, ఒకటి ఆట.

రాత్రంతా కూర్చుని చూసే రోజుల్లో బంగారక్క, జుట్టుపోలిగాడు, కేతిగాడు కథకు అడ్డంపడి వచ్చేవారని ఆయన మావాడికి చెప్పాడు. “అడ్వర్టైజుమెంట్ మాదిరా?” అన్నాడు వీడు. ఆయనకు అర్థం కాలేదు. మా తాత బతికుంటే చెప్పేవాడు. వాళ్లు ఎప్పుడొస్తారా అని నిద్ర ఆపుకుని కూర్చునేవాళ్లట. పడిపోయిన భీముడి మీద సబ్బు అమ్మడానికి మాత్రం వాళ్లెన్నడూ రాలేదు. గుమ్మటాలు చేసుకోవడాన్ని తప్పు పట్టే అధికారం ఎవరికీ లేదు. రాత్రి ఆటకు పిలిచే ఊళ్లు లేనప్పుడు ఆ ఇల్లు గడవాలి. కాని గుమ్మటాన్ని గుమ్మటమని అమ్ముతున్నారు వాళ్లు. ఆట అని చెప్పడం లేదు.

తిరుగు బస్సులో వాణ్ణి అడిగాను: “ఏరా, నాన్న పోయిన శుక్రవారం ఎన్నో మెట్టుకు వచ్చినావంటే పదకొండు అన్నావు. ఆ ఆట ఆడి నెల దాటింది కదరా?”

వాడు కిటికీలోంచి చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. “దాని కోసరం నాన్న మూడు నెలలు ఓవర్‌టైం చేసినాడంట మామా. అమ్మ చెప్పింది. బాగలేదని ఎట్ల చెప్పేది?”

తొమ్మిదేళ్లవాడు వారం వారం ఒక మెట్టు చొప్పున అబద్ధం ఎక్కుతున్నాడన్నమాట. అవతల ఎడారిలో ఆయన ఆ మెట్లు లెక్కపెట్టుకుని సంతోషిస్తున్నాడు. అక్కడ కూడా లెక్కే పెరుగుతోంది.

నేనేమీ అనలేదు. వాడే ఒక రఫ్ నోట్‌బుక్ తీసి నాలుగు రోజులపాటు ఏదో రాశాడు, బొమ్మలు వేశాడు. భీముడి ఆట ఎట్లా ఉండాలో అందులో ఉంది. మొదటి మెట్టు చుట్కీ వాళ్లమ్మ లడ్డూల అంగడి. రెండోది మా చిత్రావతి; ఆటలో మాత్రం నిండా నీళ్లున్నాయి. షరతులు కొన్ని రాసుకున్నాడు. లడ్డు తింటే ఒక రాయి మాత్రమే ఎత్తవచ్చు. ఆకలి లేకుండా తింటే బలం రాదు. చుట్కీకి చెప్పకుండా తీసుకుంటే అసలు రాదు. జగ్గుకు సగం పెడితే రెండు రాళ్లు ఎత్తవచ్చు. భీముడు పడిపోతే ఎవరో ఒకరు వచ్చి చెయ్యి ఇచ్చి లేపాలి. లేపేదాకా ఆట ఆగాలి. పరీక్షల్లో నా విద్యార్థులు భీముడి పాత్ర చిత్రణ గురించి రాసే రెండు పేజీలకంటే ఇది మేలని చెప్పడానికి నాకు సంకోచం లేదు.

అక్కడ శుక్రవారం సెలవు. ఆ శుక్రవారం బావ ఫోను చేసి, “ఇప్పుడు ఎన్నో మెట్టు నాయనా?” అన్నాడు. మావాడు నోట్‌బుక్ తెరిచి, “నాన్నా, అది కాదు, ఇంకోటి ఉంది,” అని మొదటినుంచి చదివి వినిపించాడు. అవతల చాలాసేపు నిశ్శబ్దం. లైను తెగిందేమోనని అక్క ఫోను చేతిలోకి తీసుకోబోయింది. ఇంతలో బావ గొంతు వినిపించింది.

“అంతా బాగుంది గానీ, కాలియా ఎప్పుడూ ఓడిపోతానే ఉంటే ఎట్లరా? వానికీ ఒకసారి లడ్డు పెట్టు.”

ఆ షరతుకు మావాడు ఇంకా ఒప్పుకోలేదు. కాలియాకు పెడితే ఆట చెడిపోతుందంటాడు. వచ్చే శుక్రవారం మళ్లీ మాట్లాడదామని ఇద్దరూ అనుకున్నారు.